ఎలుగుబంటికి మూడు పరీక్షలు

యాభై స్ట్రిప్పులు, అరచేతిలో ఇమిడే షుగర్ మిషను. రాంబాబు ఊరూరా తిరిగి షుగర్ పరీక్షలు చేయడం మొదలుపెట్టింది వీటితోనే. ఆరు నెలల్లో ములకలపల్లి చుట్టుపక్కల వెయ్యి నూట పన్నెండు వేళ్లు గుచ్చానని లెక్క చెప్పేవాడు. గుచ్చడం క్షణం పని, చెప్పడం పూట పని.

ఆ పొద్దున గోరి అతన్ని వెతుక్కుంటూ జంపయ్య చాయ్ కొట్టుకు వచ్చింది. ఆమె భర్త బలరాం కాలి పుండు నెలన్నరగా మానడం లేదు. రెండు నెలల కింద అతని వేలు గుచ్చి చూసింది రాంబాబే.

“కూసో వదినా, కథ మధ్యల ఉన్న,” అన్నాడు రాంబాబు. “ఒక్క పూటల తండా మొత్తం చూసిన, అరవై మూడు మందిని. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అడవి దారిల వస్తుంటే ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి! బండి ఆపిన. వేలు చాపింది.”

“నిన్ను గీరనీకె చాపిందేమోరా,” అన్నాడు జంపయ్య.

“కాదు మామా, ఉంగరం వేలు! గుచ్చిన. పరగడుపున తొంభై రెండు. నేనంత అమాయకుణ్నా? ‘ఇప్పపువ్వు తిను, రెండు గంటలు ఆగుత’ అన్న. బస్తాడు తిన్నది. మళ్లా గుచ్చితే అంకె లేదు, ‘హెచ్ ఐ’ అని పడ్డది. ఆరు వందలు దాటితే మిషను గట్లనే చేతులెత్తేస్తది. మిషను హాయ్ చెప్పిందనుకొని ఎలుగుబంటి చెయ్యూపింది!”

“మరి మొదలు తొంభై రెండెట్ల వచ్చింది?” అన్నాడు జంపయ్య.

“గదే దాని తెలివి! నేనొస్తున్నని తెలిసి రెండు దినాలు పస్తున్నది. నేను తక్కువోణ్నా? హెల్మెట్ పెట్టి, ఎనక కూసోబెట్టుకొని బూర్గంపాడుల ఒక ల్యాబుకు పట్టుకపోయి మూడు నెలల పరీక్ష చేయించిన. రెండు దినాలు కడుపు మాడ్చుకుంటే మిషను మోసపోతది గానీ, మూడు నెలల లెక్క రక్తంల రాసుంటది మామా! ఆరున్నరకు పోతే షుగరే. దానికి పదకొండు! ఇప్పుడు రోజూ గోదారి ఒడ్డున వాకింగు. దాన్ని చూసి అడవంత లైను కట్టింది. నక్కలు టోకెన్లు ఇస్తున్నయ్. పెద్దపులేమో, ‘అన్నా, నాకు పరగడుపు పరీక్ష వద్దు, నా ఆకలి నీకే డేంజరు’ అన్నది!”

కొట్టంతా నవ్వింది. గోరి నవ్వలేదు.

“మరిదీ, ఎలుగుబంటికి ఎన్ని పరీక్షలు చేసినవ్?”

“మూడు, వదినా.”

“మా ఆయనకు?”

రాంబాబు అంకెలు మరిచేవాడు కాదు. ఒక్కటి. తొంభై ఎనిమిది. ‘పాసైనవ్ అన్నా, లడ్డూ తినుపో’ అని వీపు కూడా తట్టాడు.

“నువ్వొస్తున్నవని భయంతోటి ఆయన కూడా రెండు దినాలు మెతుకు ముట్టలే. జంతువు కడుపు తెలుసుకున్నవ్, మనిషిని ఒక్క మాట అడగలే. పాసైననని మూడు పూటలా చక్కెర చాయ్ తాగుతుండు. పుండు నల్లవడుతున్నది.”

రాంబాబుకు నవ్వించే మాటొకటి నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

“అన్న పొద్దున తిన్నడా, వదినా?”

“తిన్నడు. మళ్లా పస్తు పెడతవా ఏంది?”

“వద్దు. ఆ మూడు నెలల పరీక్షకు తిన్నా నడుస్తది. పుండునైతే డాక్టరు చూడాలె, నేను కాదు.” మిషను సంచి బల్ల మీదే వదిలేసి బండి తాళం తీసుకున్నాడు. “జల్దీ ఎక్కు. అన్నను తీసుకొని సర్కారు దవాఖానాకు పోదాం.”