దండెం మీద గళ్ళ చొక్కా

న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని ఆ చేపల రేవులో సోమవారం బట్టలుతికే రోజు. తల్లి ఆరేస్తుంటే, పట్నం నుంచి వచ్చిన కూతురు క్లిప్పులు అందిస్తూ తండ్రి చొక్కాలు చూసి ఆగిపోయింది.

"అమ్మా, నాన్న ఆసుపత్రిలో చేరి మూడు వారాలైంది. ఇవి ఎవరు తొడిగారని ఉతికావు?"

"ఎవరూ తొడగలేదు. నడుం పట్టేసి ఇంట్లోనే పడుకున్నాడని ఊళ్ళో అందరికీ చెప్పాను. దండెం మీద చొక్కా లేకపోతే ఎదురింటి ఎఫీ వచ్చేస్తుంది. ఎలా ఉన్నాడని అడిగితే నేను ఏడుస్తాను. ఇక ఇంట్లో వంటా ఉండదు, వార్పూ ఉండదు."

"గురువారమేగా ఆపరేషన్. అప్పటిదాకా ఈ నాటకమేనా? ఎవరు నేర్పారు నీకు?"

"ఎఫీయే. నీ చిన్నప్పుడు వాళ్ళాయనకి క్షయ వచ్చి దూరంగా ఆసుపత్రికి పంపించారు. చలికాలమంతా ఒకే నీలం చొక్కా ఆరేసింది, పిచ్చిది. గడ్డకట్టి అట్టలా నిలబడేది. నేను వెళ్తానంటే మీ నాన్న వెళ్ళనివ్వలేదు. 'ఆ చొక్కా ఉన్నన్నాళ్ళూ మనల్ని రావద్దన్నట్టే' అన్నాడు. తను మాత్రం రోజూ తెల్లారకముందే వాళ్ళ గుమ్మంలో కట్టెలు పెట్టి, చప్పుడు చెయ్యకుండా వచ్చేసేవాడు."

"ఆవిడకి తెలిసిందా?"

"ఇన్నేళ్ళలో ఆ ఊసే ఎత్తలేదు."

కూతురు ఎదురింటి కిటికీ వైపు చూసింది.

"అమ్మా, మూడు వారాలుగా మన గుమ్మంలో ఎవరో చేపలు పెట్టిపోతున్నారన్నావు కదా?"

తల్లి చేతిలోని గళ్ళ చొక్కాతోనే కళ్ళు, ముక్కు తుడుచుకుంది.

"ఇదుగో," అంది, "దీన్ని ఇప్పుడు నిజంగానే ఉతకాల్సొచ్చింది."