ముందు అంబలి తాగు

“ఎన్నిసార్లు ఉమ్ముతావు? ఇంక సాలు, లోపలికి రా.”

“పోనేదే బుద్రీ. నాలిక్కి అంటుకుపోనాది. బూడిదెట్టి తోమినాను, గెడ్డలో నీల్లు పుక్కిలించినాను, దారంట ఉసిరికాయలు నమిలినాను. ఏటి సేసినా ఆ పాల కంపు పోనేదు. సీ.”

పుష్యమాసం పొద్దు. మంచు ఇంకా కొండ దిగలేదు. దొరగారి కేంపుకి తొమ్మిది రోజులు వెట్టిమూటలు మోసిన సోంబరు అప్పుడే ఇల్లు చేరి, గడపలో కూర్చుని ఉమ్ముతున్నాడు. పొయ్యి దగ్గర పెళ్ళాం బుద్రి సోడి అంబలి కలుపుతోంది. మిగతాది వాళ్ళ నోటనే వినడం మంచిది.

“ముందు అంబలి తాగు. ఏడిగుంది.”

“ఎలగ తాగుతాను? ఆవుపాలే. దూడ నోటికాడివి. మా తాత ముట్టనేదు, మా అయ్య ముట్టనేదు. నా నోట్లో పోసినారు.”

“ఎవులు?”

“ఇంకెవులు, ఆ బంట్రోతు. రంప కొండల్లో గొడవైనకాణ్ణించి దొరకి తిండంటే బయ్యమంట, ఇసం కలుపుతారని. పాలు ఎవులింటివో ఆ ఇంటోడు ముందు తాగి సూపించాలంట. మూటలు దించి ఇంటికెల్తానంటే, ‘నీ ఇంటి పాలేరా, తాగు’ అన్నాడు. మాం పాలు పితకం బాబూ అన్నాను. నవ్వినాడు. ‘నీ ఆడది పొద్దుగాలే ముంతతో తెస్తంది, నేటికి అయిదు దినాలు’ అన్నాడు.”

“తాగినావా?”

“తాగకపోతే ఒగ్గుతాడా? గుక్కెడు. పల్చగా, తియ్యగా... సీ, సీ. ఆ దొరేమో నల్లనీల్లలో కలుపుకుని తాగుతాడు. మీసాలకి అంటుకుంటే నాలికతో నాకుతాడు. మనిసి పుటక పుట్టి దూడ ఎంగిలి నాకీడమేటి?”

“తియ్యగుందా?”

“రుచి అడుగుతావేటే?”

“ఊరికే అడిగినాను. సల్లారిపోతంది, తాగు.”

“అంబలి తరవాత. ముందు జవాబు సెప్పు. ఎందుకిచ్చినావు?”

“అడిగినాడు.”

“అడిగితే ఇచ్చీడమేనా?”

“ఇవ్వకపోతే ఆవునీ పెయ్యనీ తోలుకుపోయి కేంపులో కట్టీస్తానన్నాడు. పోయినేడు కట్టినాడు కదా. నువ్వూ సూసినావు.”

“సూసినాను కాబట్టే అడుగుతన్నాను. ఏడు దినాలు పితికినారు, ఎనిమిదో దినం ఆ దూడ కాల్లు సాపీసింది. దాని మూతి మీద ఈగలు నువ్వే తోలినావు. ‘మల్లీ ఈ ఇంట్లో ఆవుని పితికితే నా సెయ్యి పడిపోవాల’ అన్నావు. అన్నావా, నేదా?”

“అన్నాను.”

“మరి?”

“సెయ్యి పడిపోనేదులే. తాగు.”

“నీకు సిగ్గు నేదే. తల్లిపాలు బిడ్డవి. పులి కూడా ఆ పని సెయ్యదు. నీకూ పాలు తాగే సంటిగుంట ఉంది, నీకు తెలవాల.”

“పొయ్యి ఆరిపోతంది, ఊదుతాను ఉండు.”

“కళ్ళు తుడుస్తావేటి?”

“పొగ. కళ్ళల్లో పడింది. సాలలోకెల్లి పెయ్యని సూసినావా?”

“సూడను. ఎముకలు తేలుంటాది. సూస్తే నిన్ను కొట్టాలనిపిస్తాది.”

“సూసి రా. కొట్టాలనిపిస్తే అప్పుడే కొడుదువు.”

సోంబరు పశువుల సాలలోకి వెళ్ళి, తల గోక్కుంటూ తిరిగి వచ్చాడు.

“పెయ్య గెంతుతంది. పొట్ట నిండుగుంది. పందిని కుమ్మీబోయింది.”

“ఊఁ.”

“ఆవు పొదుగు మీద సెయ్యేసినాను. తన్ననేదు, బెదరనేదు. పితికిన ఆవు సెయ్యి సూస్తేనే ఎగురుతాది.”

“ఊఁ.”

“ఊఁ కాదు. ఆ ముంతలో ఏటి పోసినావు? మేకపాలా?”

“మన మేకలు ఇంకా ఈననేదు.”

“సోడిపిండి నీల్లా?”

“పిండినీల్లు తియ్యగుంటాయా?”

“ఒసే, పంది ఈనింది. మొన్నే ఈనింది. నా నోట్లోకెల్లింది పందిదైతే నీకూ నాకూ ఇక్కడితో సరి.”

“పందిని ఎవులు పితుకుతారు మావా? అది ఉండనిస్తాదా? పందిది కాదు. ఉట్టి పాలే. నువ్వు తాగు, సెప్తాను.”

“ఇప్పుడే సెప్పు.”

“తాగితేనే సెప్తాను.”

“ఇదేటి కొత్త మొండి. పెరట్లో వలిసెలు అలాగే ఉన్నాయి, గింజ రాలిపోతంది. తొమ్మిది దినాల్లో కొయ్యనేదా?”

“పనుండింది.”

“ఏటి పని? గుంట బొంత తీసుకెల్లి పెయ్యకి కప్పినావు. అదా పని?”

“పెయ్యకి సలేస్తంది. మంచు సూడు, సాలలో సగం దాకా ఒచ్చీసింది.”

“గుంటకి సలెయ్యదా?”

“గుంట... ఇంట్లో నేదు. మీ అక్క ఎత్తుకెల్లింది.”

“ఎటు?”

“ఆ కొండపక్కకి. తాగు మావా. నీ కాల్లు పట్టుకుంటాను, తాగు.”

“ఎండెక్కకముందే గుంటని బైటికి తిప్పుతాదా అది? ఒచ్చినాక సెప్తాను దాని పని. ఇదిగో, ముంచింగిపుట్టు సంతలో పూసలు దొరికినాయి. ఎర్రవి. గుంట మొలకి కట్టు.”

“ఇలాగియ్యి. నాకాడుంచుతాను. నువ్వు తాగు.”

“తాగుతాను, ఏడవకు. పొగైతే అటు తిరిగి కూకో. ... ఊఁ. ఉప్పు సాల్నేదు.”

“అడుగుదాకా తాగు.”

“ఇదిగో, డొక్కు బోర్లించి సూపిస్తన్నాను. సుక్క నేదు. ఇప్పుడు సెప్పు. తాగితే గాని సెప్పనంత గొప్ప మాటేటది?”

“సెప్పినాక నువ్వు కూడు ముట్టవు. సావు మాట విన్నోడు మూడు పొద్దులు పస్తుండాల కదా. తొమ్మిది దినాలు బరువులు మోసినావు. ఆకలితో ఉన్నోడికి ఎలగ సెప్తాను?”

“సావేటి? ఎవులు పోనారు?”

“నాను ఆవుని ముట్టుకోనేదు మావా. పెయ్య పాలు పెయ్యకే ఉంచినాను. నువ్వెల్లిన నాలుగో దినం మన గుంట జొరంతో పోనాది. ఆ సంగతి నా పాలకి తెల్దు, పొద్దుగాలే ఒస్తన్నాయి. నువ్వు తాగినవి దానివే. ఇంక ఉమ్మకు.”