గొడ్డలికి చుట్టిన తువ్వాలు

తేదీ 10-2-2007, శనివారం, ఉదయం ఎనిమిది గంటలకు స్టేషనులో ఎస్.ఐ. గారి ఎదుట చెప్పినది.

నా పేరు మద్దాల బర్నబా. వయసు 38. అరకులోయలో సొంత అంబాసిడర్ కారు టాక్సీగా తిప్పుకుంటాను. నన్ను ఎవరూ పిలిపించలేదు, నేనే వచ్చాను. నిన్న సాయంత్రం ఇదే బల్ల దగ్గర నిలబడి కొర్రా మంగ్లు మీద ఫిర్యాదు రాయించాను. అతను దారి కాచి, గొడ్డలితో నా కారు పగలగొట్టాడని చెప్పాను. అది అబద్ధం. జరిగింది ఇప్పుడు చెబుతున్నాను.

ముందు కారు సంగతి చెప్పాలి. అది నాకంటే నాలుగేళ్ళే చిన్నది. ఎత్తుగా ఉండేది, కొండ ఊళ్ళ మట్టిరోడ్లన్నీ ఎక్కేది. మొన్న క్రిస్మస్ సెలవుల్లో విశాఖ నుంచి కొందరు కుర్రాళ్ళు పాత కార్లు వేసుకొచ్చారు. అన్నీ బాగా కిందికి దించి, వెడల్పు టైర్లు వేసినవి. జనం వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. నా కారు ఫొటోలో పడుతోంది, పక్కకి తియ్యమన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

జనవరిలో విశాఖ వెళ్ళాను. కారుకి ఎర్ర రంగు కొట్టించాను. వెనక కమానుకట్టల్లో పట్టీలు తీయించి, ముందు కూడా దింపించి, వెడల్పు చక్రాలూ టైర్లూ వేయించాను. మెకానిక్ అప్పుడే చెప్పాడు. మడ్గార్డు అంచు వంచి కొట్టాలి, లేకపోతే వెనక బరువు పడగానే రేకు టైరు మీద కూర్చుంటుందన్నాడు. కొత్త రంగు పగిలిపోతుందని నేను ఒప్పుకోలేదు. వెనక సీట్లో ఎవరినీ ఎక్కించనులే అన్నాను. టాక్సీ నడుపుకుని బతికేవాణ్ణి, ఆ మాట అన్నాను.

నిన్న శుక్రవారం, సంత. జీపులన్నీ సంత సరుకుకి పోయాయి. పదకొండు గంటలకి పనసగుడ నుంచి మంగ్లు పరుగెత్తుకుంటూ స్టాండుకి వచ్చాడు. అతని భార్య సోనికి నొప్పులు మొదలయ్యాయి. అతను నాకు తెలిసినవాడే, వాళ్ళ ఊరు చాలాసార్లు వెళ్ళాను. ఇదివరకైతే ఇంటి ముందు దాకా వెళ్ళేవాణ్ణి. నిన్న కొండ కిందే కారు ఆపేశాను. అడుగు రాళ్ళకి తగులుతుందని చెప్పడానికి సిగ్గేసి, రోడ్డు బాగాలేదన్నాను. ఆ రోడ్డు ఎప్పుడూ అలాగే ఉంది. సోనిని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు.

సోనీ, మంగ్లు తల్లి దేముడమ్మా వెనక కూర్చున్నారు. మంగ్లు ముందు కూర్చున్నాడు. కొంచెం దూరం పోయేసరికి వెనక నుంచి రబ్బరు కాలిన వాసన, పొగ వచ్చాయి. బండి ఆగిపోయింది. సోని తప్ప మిగతా ఇద్దరూ దిగి బస్సుకి రండి అన్నాను. దేముడమ్మ, "ఏటి బాబూ, నొప్పులొత్తన్న గుంటని ఒక్కర్తినే పంపమంటావేటి? బేగి పోనీ" అంది.

మంగ్లు దిగి చక్రం చూశాడు. "బాబూ, ఈ రేకు బయటికి వంచేత్తే బండి కదుల్తాది" అన్నాడు. అతని భుజాన గొడ్డలి ఉంది. కొండమీద ఎవరి భుజానైనా ఉంటుంది. నేను వద్దన్నాను. మడ్గార్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. లోపల సోని అరుస్తోంది. నేను అడ్డంగానే నిలబడ్డాను. అతను నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని పక్కకి జరిపాడు, అంతే.

తర్వాత తల మీది తువ్వాలు తీసి గొడ్డలి వెనక భాగానికి చుట్టాడు. "రంగు పోకుండా కొడతాను బాబూ" అన్నాడు. రెండు వైపులా అంచులు వంచాడు. అయినా రంగు పెచ్చులూడింది, రేకు సొట్టలు పడింది. నిజం చెబుతున్నాను, ఆ ఆడమనిషి అరుపుల కన్నా ఆ రేకు చప్పుడే నాకు ఎక్కువ బాధగా ఉంది. పని అయ్యాక అదే తువ్వాలు సోని కింద పరిచాడు, నా సీటు పాడవకూడదని. బండి కదిలింది. రెండు గంటలకి ఆసుపత్రి చేరాం.

ఆసుపత్రి బయట సంత నుంచి వచ్చిన డ్రైవర్లు కారు చుట్టూ చేరారు. "ఏటి బర్నబా, నీ కొత్త పెళ్ళికూతుర్ని ఎవులు కొట్టినారు?" అని నవ్వారు. నా టైర్ల వల్లే అని చెప్పలేకపోయాను. "దారి కాసి గొడ్డలితో కొట్టినారు" అన్నాను. అంతే, వాళ్ళే నన్ను స్టేషనుకి తీసుకొచ్చారు. అప్పుడైనా మాట వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. దారి కాయడం, గొడ్డలి అనే మాటలు ఈ కొండల్లో మనిషిని ఎంత దూరం తీసుకుపోతాయో నాకు తెలుసు. తెలిసే రాయించాను. మీవాళ్ళు పట్టుకోవడానికి వెళ్ళేసరికి మంగ్లు కాన్పు గది బయట వరండాలో కూర్చుని ఉన్నాడు.

నా భార్య సుజానా ఆ ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికి వచ్చి, "నువ్వేటి రాయించినావో ఇన్నాను. ఒకసారి నాతో రా" అంది. వెళ్ళాను. రాత్రే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. దేముడమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. ఫిర్యాదు ఇచ్చింది నేనని ఆమెకి తెలియదు. "నువ్వు తెచ్చినావు గాబట్టి బతికినారు, ఎత్తుకో బాబూ" అని బిడ్డని నా చేతుల్లో పెట్టింది. మంగ్లుని ఎందుకు తీసుకుపోయారో కనుక్కోమని నన్నే అడిగింది. బిడ్డని ఇచ్చేసి తిన్నగా ఇక్కడికి వచ్చాను.

సీటు మీదే ఉండిపోయిన ఆ తువ్వాలు నిన్న కారు డిక్కీలో దాచాను. ఇప్పుడు మీకు అప్పగించాను. దానికి ఎర్ర రంగు అంటుకుని ఉంది, చూడండి. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు నా మీద ఏ కేసు పెట్టినా ఒప్పుకుంటాను. మంగ్లుని మాత్రం ఇప్పుడే పంపండి. అతని బిడ్డని అతనికన్నా ముందు నేను ఎత్తుకున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. నిన్నటి కాగితం మీద సంతకమూ నాదే, దీని మీద సంతకమూ నాదే. ఇది నిజం.

(సంతకం)
మద్దాల బర్నబా