రాణిగారి నడుం కొలత

సెయింట్ లూసియా దీవిలో, మికూ ఊరిలో, బట్టలు కుట్టే థియోడోరా ఇంటి ముందుగది. గురువారం మధ్యాహ్నం, గులాబీ సంఘం పండుగ ఆదివారం. పద్దెనిమిదేళ్ళుగా ఆ సంఘానికి రాణి అయిన లియోకాడి, థియోడోరాకి స్వయానా అన్నభార్య. థియోడోరా మాత్రం పుట్టుకతోనే మార్గరీటు సంఘం మనిషి. రెండూ పూల పేర్లు పెట్టుకున్న పాటల సంఘాలే, రెండింటికీ ఉత్తుత్తి రాజు, రాణి, జడ్జీ, పోలీసు ఉంటారు; గులాబీలది ఎరుపు, మార్గరీటులది నీలం. ఈ రెండు పూల మధ్య రాజీ ఆ దీవిలో ఎవరూ కుదర్చలేదు, కుదర్చాలని ఎవరూ కోరుకోలేదు కూడా.

"రేపు రమ్మన్నాను కదా వదినా. గుండీలు ఇంకా రాలేదు. కాస్ట్రీస్ బస్సులో రావాలి."

"నిన్న కూడా రేపే అన్నావు. ఆ గోడకి వేలాడే ఎర్రది నా గౌను కాదూ? గుండీలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి."

"అవి... అవి ఊరికే. ఎలా ఉంటాయో చూద్దామని."

"చూడ్డానికి పన్నెండు గుండీలు కుట్టావా? దించు."

"ముందు కూర్చో. కోకో కాస్తాను. కర్రపెండలం రొట్టె ఇప్పుడే పెనమ్మీంచి దించాను."

"రొట్టె తర్వాత. పండుగ వారంలో గులాబీ రాణి మార్గరీటు ఇంట్లో కోకో తాగిందని తెలిస్తే మా పోలీసు ఊరుకుంటాడా? శనివారం మా జడ్జీ ముందు నిలబెట్టి జరిమానా కట్టిస్తాడు."

"మీ పోలీసంటే వలలు కుట్టే యూస్టస్సేగా? పొద్దున ఇక్కడే కూర్చుని రెండు గ్లాసులు తాగిపోయాడు."

"వాడా! వాడికేం పని ఇక్కడ?"

"ఏం లేదు. ఏదో చెప్పిపోదామని."

"ఏం చెబుదామని?"

"ఏం లేదన్నానుగా. చినుకులు పడేలా ఉన్నాయి, నువ్వు బజార్లో ఉప్పుచేప ఎండబెట్టొచ్చావేమో చూసుకో."

"చేప సంగతి చేప చూసుకుంటుంది. ఈ కాళ్ళకింద నీలం ముక్కలేమిటే? మీ పండుగకి ఇంకా దాదాపు రెండు నెలలుంటే అప్పుడే మొదలెట్టావా? అయినా ఎవరి కోసం? మీ రాణి ఫిలొమెన్ కిరీటం పెట్టెలో పెట్టేసి మార్టినిక్‌లో కూతురి దగ్గరికి పోయిందటగా. రాణి లేని రాజ్యం."

"దొరుకుతుందిలే ఎవరో ఒకరు."

"దొరక్కేం. మీ రాణికి పనేముంది గనక? మీ పాట పక్కింటికి వినపడాలంటే పక్కింటివాళ్ళొచ్చి మీ ఒళ్ళో కూర్చోవాలి. నా బొందిలో ప్రాణం ఉండగా నీలం గుడ్డ నా ఒంటిమీద పడదు, చెప్తున్నా. మీ సంఘం మనిషే అయిన నీ అన్నతో ముప్పై ఏళ్ళు కాపరం చేసి కూడా పడనివ్వలేదు."

"తెలుసు వదినా. ఊరంతా తెలుసు."

"మరి దించు."

"వదినా, వద్దు."

"నువ్వు దించకపోతే నేనే దించుకుంటాను. ఇదిగో. పట్టు ఇటు. చెయ్యి ఎక్కించు. ఇంకో చెయ్యి. ఊఁ, వెనక గుండీలు పెట్టు."

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టే ఉన్నాను."

"ఇంకొంచెం."

"ఇంకొంచెం బిగబడితే పైకి పోతాను. రెండు వైపులకీ మధ్య బెత్తెడు ఎడం ఉందేమే?"

"సీమపనస కాలం కదా. అందరికీ ఒళ్ళొస్తుంది."

"సరే, లావెక్కాననుకో. కింద చూడు, నేల ఊడుస్తోంది. రెండు వారాల్లో పొట్టి కూడా అయ్యానా?"

"బట్ట సాగుంటుంది."

"నడుం దగ్గర ముడుచుకుని, కాళ్ళ దగ్గర సాగిందా? తెలివైన బట్ట."

"టేపు పాతది వదినా."

"ఆ టేపుతోనేగా రెండు వారాల కింద నన్ను ఈ గుమ్మంలో నిలబెట్టి మెడ నుంచి మడమ దాకా కొలిచావు? కాగితమ్మీద రాసుకున్నావు కూడా."

"రాసుకున్నాను."

"అర్థమైంది. ఇది మీ మార్గరీటుల పన్నాగం. ఆదివారం చర్చి మెట్లెక్కుతూ నేను గట్టిగా ఊపిరి తీస్తే ఇది పటపటా పిగిలిపోవాలి. మీరంతా చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వాలి."

"అన్న మీద ఒట్టు. కాదు."

"సిల్వెస్టర్ మీద ఒట్టేస్తున్నావా?"

"వేస్తున్నాను."

"అయితే అబద్ధం కాదు. మరి ఇది ఎవరిది?"

"రొట్టె చల్లారిపోతోంది వదినా."

"థియో. సన్నటి నడుం, పొడుగాటి కాళ్ళు. మా గుంపులో అంత పొడుగు ఒక్కతే. బస్సు నడిపే గాబ్రియేల్ కూతురు. జొసెట్."

"నేను చెప్పలేదు. నువ్వే అన్నావు."

"రాణి గౌను జొసెట్‌కి ఎందుకు?"

"నేనేం చెప్పలేదు. యూస్టస్ అడిగితే అదే చెప్పు."

"ఓహో. వాడందుకా వచ్చింది. నన్ను దించాలని ఎప్పుడు తేల్చారు?"

"మూడు వారాలైంది. మీ రాజుగారింట్లో. ఆదివారం పొద్దున అందరూ కలిసొచ్చి నీకు చెబుదామనుకున్నారు."

"ఆదివారం పొద్దునా? నేను తల దువ్వుకుని, పూసలేసుకుని, గుమ్మంలో నిలబడ్డాకా?"

"ఎవరికీ ధైర్యం చాలలేదు. నువ్వంటే భయం వాళ్ళకి."

"భయమున్నవాళ్ళు చేసే పనేనా ఇది? ఎందుకట?"

"మోకాళ్ళు."

"నా మోకాళ్ళకేం?"

"జూలైలో ఒక శనివారం సంఘం ఆటపాటల మధ్యలో కూర్చుండిపోయావట."

"కుర్చీ దగ్గర్లో ఉంది, కూర్చున్నాను."

"తర్వాత లేవలేదట."

"కుర్చీ బాగుంది."

"పాట ఎత్తుకునేది పాటగత్తె అయితే, ఆవిడ గొంతు మీద నీ గొంతేసి తొక్కేస్తావట."

"అది తప్పు ఎత్తుకుంటే నన్నేం చెయ్యమంటావు? ఇంకా?"

"అంతే. ఇంకేం లేదు."

"అందరూ చేతులెత్తారా?"

"అందరూ."

"యూస్టస్ కూడానా? వాడికి బొడ్డు కోసినప్పుడు దీపం పట్టుకున్నదాన్ని."

"ముందు వాడే ఎత్తాట్ట. తర్వాత ఇక్కడ కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. రెండో గ్లాసు అందుకే పోశాను."

"పద్దెనిమిదేళ్ళు, థియో. నీ అన్న పోయిన ఏడు కూడా మానలేదు. నల్లబట్ట మీద ఎర్ర రిబ్బను కట్టుకుని వెళ్ళి పాడాను. మిగతా రోజులు నేను ఉప్పుచేప అమ్ముకునేదాన్ని, అరువడిగితే అరిచేదాన్ని. ఆ రాణి కుర్చీ ఎక్కాకే నాకు నేను మనిషిలా కనపడేదాన్ని."

"ఏడవకు వదినా."

"ఏడవటం లేదు. గుండీ గుచ్చుకుంటోంది. విప్పు దీన్ని."

"విప్పుతున్నా. కదలకు."

"మెల్లిగా. కుట్లు లాగకు, పిల్ల గౌను పాడవుతుంది. అంచు అంగుళం పైకి మడిచి కుట్టు. జొసెట్ గిర్రున తిరిగే రకం, కాలికి తట్టుకుందంటే బోర్లా పడుతుంది. పడితే మీవాళ్ళు నవ్వుతారు."

"కుడతాను."

"నిజంగా కుట్టు. నాకు చేసినట్టు రేపు రేపు అనకు."

"ఈ సాయంత్రమే కుడతాను."

"ఆగు. మూడు వారాల కిందే తేల్చారన్నావు."

"అవును."

"నన్ను కొలిచింది రెండు వారాల కింద. ఈ గౌను నాది కాదని అప్పటికే నీకు తెలుసు. మరెందుకు కొలిచావు?"

"వర్షం మొదలైంది. కిటికీ వేస్తాను."

"కిటికీ జోలికి పోకు. ఆ కొలతల కాగితం ఏం చేశావు?"

"ఏం చేస్తాను. కుట్టాను."

"ఏది?"

"లోపలి గదిలో. మంచమ్మీద. దుప్పటి కప్పి ఉంచాను."

"ఏ రంగు?"

"కింద ముక్కలు చూశావుగా వదినా."

"నీలమా? నా కొలతలకా?"

"అలా చూడకు. మీవాళ్ళు నీతో చెప్పకముందే మా రాణిగా రమ్మని మేం అడిగితే, రాణిని ఎత్తుకుపోయారంటారు. అందుకని నోరు మూసుకున్నాం. మావాళ్ళందరూ సరేనన్నారు. మా రాణి ఆడక్కర్లేదు, మోకాళ్ళతో పనిలేదు. గంభీరంగా కూర్చుంటే చాలు. గొంతు కూడా ఎత్తక్కర్లేదు."

"అక్కర్లేదా, కూడదా?"

"కూడదు."

"నలభై ఏళ్ళుగా మీవాళ్ళని మూగదండు అన్నాను."

"అన్నావు. అందరికీ గుర్తే."

"గుర్తుండీ సరేనన్నారా? మీకేమైనా పిచ్చా?"

"అన్న ఉన్నన్నాళ్ళూ ఏటా మా పండుగనాడు తన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాడు వదినా. ఎవరైనా కూర్చోబోతే లేపేసేవాడు. ఎవరి కోసమంటే, 'ఏమో, అరిచీ అరిచీ ఎప్పటికైనా అలిసిపోయి వస్తుందేమో' అనేవాడు. ఆయన పోయాక కూడా మేం ఆ కుర్చీ తియ్యలేదు."

"నాతో ఒక్క ముక్క అనలేదు ముప్పై ఏళ్ళలో."

"మావాళ్ళు గట్టిగా చెప్పరుగా."

"పిచ్చి మనిషి."

"అవును."

"మీ పండుగ ఎప్పుడు?"

"నీకు తెలీదా? అక్టోబరు పదిహేడు."

"తెలుసు. లెక్కేస్తున్నాను. ఏడు వారాలు. నడుం దగ్గర ఎన్ని వేళ్ళు వదులు పెట్టావు?"

"మూడు."

"ఆరు పెట్టు. ఏడు వారాల్లో నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకోవాలంటే, తింటూ ఉండటం తప్ప నాకింకో దారి లేదు. ఆ రొట్టె ఇలా తే."