సింగయ్య జేబులో మేకు

“ఈ జీపు మీది. ప్రతి బుధవారం ఉప్పుతిప్ప గట్టు మీద దీని హారను వినపడకపోతే వచ్చి నన్ను అడగండి.”

1972 ఆగస్టు పదిహేనున, మైకు ముందు, మెడలో మూడు బంతిపూల దండలతో ఒక పెద్ద ఆఫీసరు అన్న మాట ఇది. ఆయన ఆఫీసు పేరు రాయను, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చప్పట్లు వెనక్కి తీసుకుంటున్నాను. నర్సమ్మను మందులతో సహా సముద్రపు ఒడ్డు పల్లెలకు చేర్చాల్సిన ఆ జీపు మూడు నెలలుగా రేపల్లెలో ఒక రేకుల షెడ్డులో ఉంది. షెడ్డుకి తాళం ఉంది. “ఇంజను లోపల చెడినది, వేలం వేయవచ్చును” అని ఫైల్లో రాత ఉంది. ఉప్పుతిప్పలో చేపలు పట్టుకుని బతికేవాళ్ళు బుధవారం నాడు గట్టు వైపు చూడడం మానేశారు. జనం అడగడం మానేసిన రోజే అధికారానికి పండగ.

ఆ జీపు జబ్బు కనిపెట్టినవాడు ఒకడున్నాడు. పట్టా లేదు, బోర్డు లేదు. రేపల్లె కాలవ వంతెన దగ్గర గోనె పరుచుకుని ఆయిలింజన్లు బాగుచేసే సింగయ్య. శాస్త్రం శ్రమ చేసే చేతిలో పుడుతుందని నేను పుస్తకాల్లో చదివాను, సింగయ్య చేతిలో చూశాను. అయితే ఆయనకు ఆ చేతితో పాటు ఒక నోరు కూడా ఉంది. మొన్న ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం పొద్దున కమలమ్మ టీ కొట్టులో ఆ నోరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

బల్లకి ఈ చివర నేను. ఆ చివర ఉప్పుతిప్ప ఏడుకొండలు. అతని కూతురు సుబ్బరత్నం నిండు చూలాలు. జీపు సంగతి ఏమైనా తేలిందేమో కనుక్కుందామని పదకొండు మైళ్ళు నడిచి వచ్చాడు. గుంజకు ఆనుకుని, టీ చల్లారిపోతున్నా తాగకుండా నిలబడ్డవాడు దేవదానం, ఆ జీపు డ్రైవరు. జీపు షెడ్డుకెక్కాక ఆఫీసులో బీరువాలు తుడుస్తున్నాడు.

“నా గొప్పేం లేదబ్బాయ్, అంతా ఈ కుడి చెవిది” అని మొదలుపెట్టాడు సింగయ్య. “ఆ జీపు వంతెన దాటుతుంటే గోనె మీద కూర్చునే చెప్పాను, ఇది చెరుకుపల్లి చేరదని. చేరలేదు. ఏ జబ్బుకైనా ఒక పద్ధతుంటుందా, దీనికి లేదు. ఎనిమిది మైళ్ళు గుర్రంలా పోతుంది, ఉన్నట్టుండి దీపం ఊదినట్టు ఆరిపోతుంది, అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. తెనాలి తీసుకెళ్ళారు. అక్కడి మేస్త్రి టాంకి మూత తీసి, పుల్ల పెట్టి, పెట్రోలు ఉందని చూసుకుని, ప్లగ్గులు మార్చాడు. స్టార్టయింది. చూశారా ప్లగ్గులే అన్నాడు. భట్టిప్రోలు దగ్గర ఆగింది. బాపట్ల తీసుకెళ్ళారు. ఆయనా మూత తీసి, పుల్ల పెట్టి చూసి, కార్బురేటరు విప్పి కడిగాడు. స్టార్టయింది. చూశారా కార్బురేటరే అన్నాడు. కర్లపాలెం దగ్గర ఆగింది. ఇప్పుడు చెప్పు ఏడుకొండలూ, ఇద్దరూ చేసిన పని ఏంటి, ఇద్దరూ గమనించనిది ఏంటి?”

“పడవ సంగతైతే చెప్తాను మావా.”

“పడవ సంగతి కూడా ఉందిలే ఇందులో” అన్నాడు సింగయ్య, అని ఎందుకో నాలిక కరుచుకున్నాడు. “మూత తీయడమయ్యా! ఎవడొచ్చినా ముందు మూత తీస్తాడు, తర్వాత తనకు తెలిసిన పని చేస్తాడు, బాగైతే తన పని వల్లే అనుకుంటాడు. నేను ఈ దేవదానాన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. పెట్రోలు నిండా ఉంటే తొందరగా ఆగుతుందా, అడుక్కి ఉంటే తొందరగా ఆగుతుందా? నిండా ఉంటేనే అన్నాడు. దూరం పోవాలని నిండా పోయించిన రోజు దారిలో చతికిలబడుతుందట, అడుగున కాసింత ఉన్న రోజు పోయి తిరిగొస్తుందట. కడుపు నిండితే నడవలేనిది పెళ్ళిభోజనం చేసినవాడు గానీ బండేంటి? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఇదే బల్ల మీద కూర్చుంటే కమలమ్మక్క కొత్త నూనె డబ్బా పొడుస్తోంది. ఎన్ని చిల్లులు పొడిచావక్కా?”

“రెండు” అంది కమలమ్మ, పొయ్యి వైపే చూస్తూ. “ఒకటే పొడిస్తే నూనె దిగదుగా, గాలాడాలి. ఎన్నిసార్లు అడుగుతావు తమ్ముడూ?”

“అదీ. జీపుకీ అంతే. పెట్రోలు ముందుకి పోవాలంటే వెనక నుంచి గాలి రావాలి. టాంకి మూతకి సన్న చిల్లుంటుంది, చీమ తల దూరేంత. అది పూడిపోతే ఇంజను లాగేకొద్దీ టాంకి లోపల బిగదీసుకుపోయి, ఇక నావల్ల కాదంటుంది. నిండా పోశావా, లోపల గాలికి చోటే లేదు, ఇంకా తొందరగా బిగుస్తుంది. మూత తీశావా, గాలి దూరుతుంది, స్టార్టవుతుంది.”

ఇంతవరకూ అక్షరం అక్షరం నిజం. బాపట్లలో ఫిజిక్సు చెప్పే మేష్టారొకాయన్ని నేను అడిగాను. ఆయన సుద్దముక్క పక్కన పెట్టి, ఇది చెప్పిన మనిషి ఏం చదువుకున్నాడని అడిగాడు. ఐదో తరగతండి అన్నాను. ఇక్కడ ఆగి ఉంటే సింగయ్యను శాస్త్రవేత్త అనడానికి నాకేం అడ్డం లేదు. కానీ ఆయన ఇంకో టీ అడిగాడు.

“ఆ చిల్లులో ఏముందో తెలుసా? పీత. ఆవగింజంత పీత. జీపు గట్టు మీద పోతుంటే సముద్రం మీంచి ఎగిరొచ్చి, చోటు బాగుందని కాపురం పెట్టింది.”

“పీత ఎగురుతుందా?” అన్నాను.

“ఉద్యోగం లేకపోతే నువ్వూ ఎగురుతావు, విను. షెడ్డు దగ్గరికి పోయాను. పెద్ద ఆఫీసరు, గుమాస్తాలు, జవాన్లు వరసగా నిలబడ్డారు. తప్పుకోండి, మూత తీస్తున్నానన్నాను. వింటారా? అరచుట్టు తిప్పానో లేదో సుయ్యిమంది. ముందు నా భుజం మీది కండువా లోపలికి పోయింది. దాని వెనక ఆఫీసరుగారి టోపీ. దాని వెనక ఫైలు. ఫైలు పట్టలేదు, అందులో సంతకాలు మాత్రం ఒక్కొక్కటే ఊడి చీమల్లా బారు కట్టి దూరిపోయాయి. పైన పోతున్న కొంగలు తోకలు ముందు పెట్టుకుని వెనక్కి ఎగరడం మొదలుపెట్టాయి. కాలవ నీళ్ళు ఎగువకి నడిచాయి. భట్టిప్రోలు స్టేషన్లో నిలబడ్డ తెనాలి పాసింజరు, డ్రైవరు దిగి టీ తాగుతుండగానే, తనంతట తాను కదిలి పావుగంట ముందొచ్చి రేపల్లెలో ఆగింది.”

“మరి ఆ డ్రైవరో?” అంది కమలమ్మ.

“వెనకాల ఎడ్లబండి మీద వచ్చాడు, పాపం. ఇక సముద్రం. పళ్ళెంలో పులుసు ఒరిగినట్టు ఇటు ఒరిగింది.”

“ఆ రోజు నేను సముద్రం మీదే ఉన్నాను మావా.”

“తెడ్డు వేయకుండానే ఒడ్డుకొచ్చావా లేదా?”

ఏడుకొండలు ఆలోచించాడు. “గాలివాలు బాగుందనుకున్నాను.”

“గాలివాలు కాదు, నేను. సరే, ఆ తర్వాత చూడు తమాషా! టాంకి కడుపారా ఊపిరి పీల్చుకుంది. నేను జేబులోంచి మేకు తీసి చిల్లులో పొడిచాను, పీత సలాం కొట్టి దిగిపోయింది. తాళంచెవి లేదు, డ్రైవరు లేడు, జీపు దానంతటదే స్టార్టయి, నాలుగు చక్రాలూ దేనికది లాక్కుంటూ, ముందు తెనాలి పోయి ఆ మేస్త్రి కొట్టు ముందు ఒక హారను కొట్టి, అక్కణ్ణించి బాపట్ల పోయి రెండు కొట్టి, గట్టెక్కి మీ ఉప్పుతిప్ప మీదుగా తిరిగొచ్చింది. పుల్ల పెట్టి చూస్తే పెట్రోలు బండి బయల్దేరినప్పటికంటే రెండు లీటర్లు ఎక్కువుంది. ఢిల్లీ నుంచి టెలిగ్రాం, ఒక విమానానికి ఇదే జబ్బట, వెంటనే రమ్మని. గోనె ఎవరు చూస్తారని నేనే పోలేదు. ఆ రోజు నుంచీ ఈ రోజు దాకా జీపు ఆగితే ఒట్టు.”

కమలమ్మ పైటతో నోరు కప్పుకుంది. నేనైతే టీ ఒలకబోసుకున్నాను. ఏడుకొండలు నవ్వలేదు.

“ఆగలేదన్నావు కదా మావా. మరి జీపెక్కడుంది?”

సింగయ్య గ్లాసు అడుగులోకి చూశాడు.

“నిరుడు మాఘంలో మా సుబ్బరత్నాన్ని వలలో వేసుకుని మూడు మైళ్ళు మోశాం” అన్నాడు ఏడుకొండలు. అతని గొంతులో కోపం లేదు. “జీపు గట్టు మీద ఆగిపోయి నిలబడి ఉంది, దాని పక్క నుంచే మోసుకెళ్ళాం. తల్లీ బిడ్డా దక్కారు. ఈసారి మాత్రం ఆస్పత్రిలో తప్ప వద్దంది నర్సమ్మ. మార్చి పదిహేనుకి నెలలు నిండుతాయి. నీ జీపు మా ఊరి మీదుగా పోయిందన్నావు. మేమెవరమూ చూడలేదు.”

సింగయ్య చొక్కా జేబులోంచి మేకు తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త మేకు. దాని మీద నూనె మరక కూడా లేదు.

“గేటు దాటనిస్తేగా” అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి, చిన్న చిన్న మాటల్లో. జబ్బేంటో ఆయనకు తట్టేసరికి షెడ్డుకి తాళం పడింది. మూత చిల్లు పొడిస్తే చాలని గేటు బయట నిలబడి చెప్పాడు. మేకుతో బాగయ్యే దానికి ఇంత ఫైలు నడుస్తుందా అని గుమాస్తా నవ్వాడు. మూడోసారి పోతే, చిల్లు ఎవరు పూడ్చారో రాసిస్తే పైకి పంపుతామన్నాడు. ఈయన రాసివ్వకుండా వచ్చేశాడు.

“ఎందుకు రాయలేదు?” అని అరిచాను నేను.

“పీత పేరు నాకేం తెలుసు?”

“పీత కాదు” అన్నాడు దేవదానం. “నేను.”

గుంజ దగ్గర నుంచి వచ్చి ఏడుకొండలు ఎదుట నిలబడ్డాడు. “మా నాన్న పడవల సందులు పూడ్చేవాడు. చిల్లు కనిపిస్తే పూడ్చందే అన్నం తినేవాడు కాదు. గట్టు మీద ఇసుక, ఉప్పునీళ్ళు పెట్రోల్లో పడతాయేమోనని గుగ్గిలం నూరి, నూనె కలిపి ఆ మూతకు నేనే పెట్టాను. మంచిపని చేశాననుకున్నాను. సింగయ్యన్న చెప్పేదాకా నాకు తెలియదు. తెలిశాక భయమేసింది. ఉద్యోగం పోతుందని మూడు నెలలు నోరు మూసుకున్నాను.”

ఏడుకొండలు బల్ల మీది మేకు తీసి వేళ్ళతో తిప్పి చూశాడు.

“నేనైనా పూడ్చేవాణ్ణే” అన్నాడు. “కానీ మూడు నెలలేంటయ్యా, దేవదానం.”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఈ కథ నేను ఇదే కొట్టులో ఐదారుసార్లు విన్నాను. ఆ చిల్లులో ఒకసారి కందిరీగ ఉంది, ఒకసారి చింతగింజ ఉంది, ఇవాళ పీత ఉంది. ఒక్కసారి కూడా దేవదానం లేడు. నిజం చెప్పమని ప్రపంచానికి పాఠాలు చెప్పే నేను ఆ కోతల ముందు తల వంచుకున్నాను.

“రాయి అబ్బాయ్, నా పేరు పెట్టే రాయి” అన్నాడు దేవదానం. రాశాను. ఆయన సంతకం చేశాడు, కింద సింగయ్య చేశాడు, ఏడుకొండలు వేలిముద్ర వేశాడు. కమలమ్మ తన పేరు కూడా వేయమంది, రెండు చిల్లుల సంగతి ముందు చెప్పింది తానే కాబట్టి.

అయ్యా, పెద్ద ఆఫీసరుగారూ. చిల్లు పూడ్చింది ఎవరో మీ గుమాస్తా అడిగాడు, రాసిచ్చాం. జీపు బాగుండాలని చేసిన పని అది. జీపును చూడకుండానే వేలానికి రాసిన చెయ్యి ఎవరిదో ఇప్పుడు మేం అడుగుతున్నాం. దేవదానం మీద ఈగ వాలితే ఉప్పుతిప్ప మొత్తం మీ గేటు ముందు కూర్చుంటుంది. సింగయ్య మేకు ఈ కాగితానికే గుచ్చి పంపుతున్నాం, ఖర్చు అనే మాట రాకుండా. హారను వినపడకపోతే వచ్చి నన్ను అడగండి అన్నారు మీరు. వచ్చాం. జవాబు కాగితం మీద అక్కర్లేదు. 1974 మార్చి ఆరో తేదీ, బుధవారం, పొద్దున పది గంటల లోపల గట్టు మీద వినపడాలి.