కారం పోసిన రేడియేటర్

క్రీస్తుదాసు చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగమే నమ్మాలని మేదరమెట్ల దగ్గర అందరికీ తెలుసు. జయరావు మాస్టారిది సింగరాయకొండ కాబట్టి ఆయనకి తెలియదు. ఎనభై మూడు జూన్‌లో చెల్లెలు ప్రేమమ్మని నర్సింగు ట్రైనింగు ఇంటర్వ్యూకి గుంటూరు తీసుకుపోతుంటే, మూడు చేతులు మారి ఆయన దగ్గరికొచ్చిన పాత కారు సరిగ్గా రసూల్‌బీ టీ కొట్టు ముందు బుస్సుమని ఆవిరి కక్కి ఆగింది. ఇంటర్వ్యూ రెండు గంటలకి. అప్పటికే పదకొండు దాటింది. ఈ ఏడు సీటు రాకపోతే ప్రేమమ్మకి వయసు దాటిపోతుంది.

జయరావు బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. టీ కొట్టు బల్ల మీదున్న ఒక పెద్దాయన రెండంగల్లో వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఆయనే క్రీస్తుదాసు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ గారి కారు ఇరవై ఏళ్ళు నడిపి మానుకున్నవాడు.

దాసు మూత జోలికే పోలేదు. తడిగుడ్డ పట్టుకుని రేడియేటర్ పై గొట్టం తాకి చూశాడు, కింది గొట్టం తాకి చూశాడు. పైది కాలిపోతోంది, కిందది చల్లగా ఉంది. ఇంజన్లో నీళ్ళు తిరగడం లేదని, తిరగనిచ్చే వాల్వు బిగుసుకుపోయిందని, దాన్ని పీకేస్తే గుంటూరేం ఖర్మ బెజవాడ దాకా పోవచ్చని తేల్చాడు. పీకడం పది నిమిషాల పనేనట. కాకపోతే ఇంజను చల్లారాలి, అరగంట పైనే పడుతుంది, అప్పటిదాకా మూత ముట్టుకోవద్దన్నాడు.

జయరావు గడియారం చూసుకుంటుంటే భుజం పట్టి బల్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"మీ కారుది ఒట్టి జలుబు మాస్టారూ. రోగమంటే మా డాక్టరమ్మ గారి కారుది. చీమకుర్తి దగ్గర రేడియేటర్‌కి చిల్లిపడింది, నీళ్ళు ధారగా పోతున్నాయి, అక్కడ గుంటూరులో ఆపరేషను బల్ల మీద మనిషున్నాడు, చిల్లికి పెడదామంటే సబ్బుముక్క కూడా లేదు. పక్కన కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న ఒకావిణ్ణి అడిగి గుప్పెడు కారం తెచ్చి పోశాను. కారం నాని ఉబ్బింది, చిల్లి పూడింది. ఇందులో నా గొప్పేం లేదు."

టీ తాగుతున్న లారీ డ్రైవరు బుల్లయ్య, అది జరిగే పనేనని, తనూ ఒకసారి అలాగే చేశానని అన్నాడు. జయరావు మనసు కాస్త కుదుటపడింది. దాసుకి మాత్రం ఆ మాటతో ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఘాటు ఇంజనుకి ఎక్కింది. ఎక్కితే ఇక ఆగుద్దా, పెట్రోలు ముల్లు కదిలితే ఒట్టు, నేను కాలు తీసేసినా అది పోతానే ఉంది, వెనకాల పొగ తగిలి చిలకలూరిపేట ఊరు ఊరంతా ఒక్కసారి తుమ్మింది, ఆ తుమ్ముకి నిలబడ్డ బస్సు గజం వెనక్కి జరిగింది. గుంటూరు మిర్చి యార్డు ముందునుంచి పోతుంటే షావుకార్లు వాసన పట్టి, ఇదేదో కొత్త రకం కాయని కారుకే వేలంపాట మొదలెట్టారు."

బుల్లయ్య గ్లాసు కింద పెట్టి పైకి చూశాడు. ప్రేమమ్మ చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది. జయరావుకి నవ్వు రాలేదు. చూపంతా కారు మీదే ఉంది.

"ఇంకా వినండి. ఆసుపత్రి ముందు ఆపి, అంత మరిగే ఇంజను మూత ఒట్టి చేత్తో తీశాను. లేచింది చూడండి ఆవిరి, ఆకాశాన మబ్బయి కూర్చుంది. సాయంత్రానికి ప్రత్తిపాడు చేలల్లో ఎర్రటి వాన. ఆ ఏడు పత్తి ఎర్రగా పగిలింది మాస్టారూ. మంగళగిరి సాలోళ్ళు రంగులో ముంచకుండానే ఎర్ర చీరలు నేశారు."

జయరావు లేచాడు. తన బుద్ధి తక్కువై ఇంతసేపు ఈ మనిషి మాట పట్టుకు కూర్చున్నాననిపించింది. పత్తి ఎర్రగా పూయించినవాడు చెప్పే అరగంట లెక్క మాత్రం నిజమెందుకవుతుంది?

"ఒట్టి చేత్తో మీరు తీశారుగా. తువ్వాలుతో నేను తీయలేనా?" అని కారు వైపు నడిచాడు.

దాసు మాటే దాసుకి అడ్డుపడింది. అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉన్న రసూల్‌బీ గిన్నె దించి గబగబా వచ్చింది.

"ఆగండి మాస్టారూ. అన్నీ కోతలే, ఒప్పుకుంటా. మూత తీసిన మాట మాత్రం నిజం. గుంటూరులో కాదు, ఇక్కడే, ఈ రోడ్డు మీదే తీశాడు. దాసన్నా, చెయ్యి చూపించు."

అంత ఎండలోనూ దాసు పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఆయన కదలకపోతే ఆవిడే గుండీ విప్పి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేయి దాటేదాకా చర్మం ముడుచుకుపోయి, తెల్లమచ్చలు పడి మెరుస్తోంది.

"ఎర్రబడింది ఈ చెయ్యి, పత్తి కాదు," అంది రసూల్‌బీ. "కొట్టులో ఉన్న నీళ్ళన్నీ పోశాను. డాక్టరమ్మ గారు బస్సెక్కి ఆపరేషనుకి పోయారు, కారుని ఎడ్లు లాక్కుపోయాయి, ఈయన నెల్లాళ్ళు మంచం మీదున్నాడు."

"నెల కాదు. ఇరవై రెండు రోజులు," అన్నాడు దాసు తలొంచుకుని.

జయరావు తువ్వాలు భుజాన వేసుకుని తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆయనే, "ఆ చీరలు ఉతికితే రంగు పోలేదా దాసుగారూ?" అని అడిగాడు.

దాసు రసూల్‌బీ వైపు చూశాడు. ఆవిడ ఇంకో టీ పోసి ఆయన ముందు పెట్టింది. పోలేదు సరికదా, ఉతికిన చెరువులో చేపలకి కారం అంటి, కూరలో వేరే కారం వేసే పని తప్పిందని దాసు అందుకున్నాడు. ఆ చేపలు చీరాల సంతకి చేరేలోపు ఇంజను చల్లారింది. మూత దాసే తీశాడు. బుల్లయ్య పానా ఇస్తే వాల్వు ఊడదీసి జయరావు చేతిలో పెట్టి, నిండా నీళ్ళు పోసి, కింది గొట్టం వేడెక్కేదాకా ఇంజను ఆడించి చూసి సరేనన్నాడు.

ఒంటిగంటన్నరకల్లా వాళ్ళు గుంటూరులో ఉన్నారు. ప్రేమమ్మకి సీటొచ్చింది. అదంతా తర్వాత. కారు కదలబోయే ముందు ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ చెయ్యి ఇంకా బాధపెడుతుందా తాతయ్యా?" అని అడిగింది.

బల్ల మీద జనమంతా దాసు ఏమంటాడోనని చూశారు. ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నాడు.

"ఎండాకాలంలో కొంచెం, అమ్మా," అన్నాడు.