మాటిచ్చేశానండీ

ఏంటమ్మాయ్, మళ్లీ ఆ ఫోనేనా? ఏమంటున్నాడు ఆ ఫోన్లో అమ్మేవాడు, ఇంక రెండే మిగిలాయనా? అంటాడు, అనక చస్తాడా. మా బావ బతికుంటే ఆ ఫోనుకి దండం పెట్టేవాడు. బావంటే మా అక్క మొగుడు, పింగాణీ సామాన్ల కొట్టాయన. నువ్వు పుట్టకముందు మాటలే. అద్దాల బీరువాలో ఒకే ఒక్క టీ సెట్టు పెట్టేవాడు, అంచుకి బంగారు గీత. ఎవరన్నా దాని మీద చెయ్యేస్తే చాలు, తెగ నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి, "అయ్యో, దీనికి మాటిచ్చేశానండీ, జడ్జిగారి భార్యకి" అనేవాడు. ఇంకేం, జడ్జిగారి పేరు చెవిన పడ్డాక ఆగుతారా? "ఆవిడకేం, బోలెడుంటాయి, మాకివ్వండి" అని బతిమాలి మరీ, చెప్పిన ధరకి పట్టుకెళ్లేవాళ్లు. కొన్నవాళ్లు ఇంట్లో తాగేది గాజుగ్లాసుల్లోనే అనుకో, సెట్టు మాత్రం వచ్చినవాళ్ల కళ్లలో పడేలా ముందుగదిలో. వాళ్లు కొట్టు గుమ్మం దిగారో లేదో, ఈయన అటకెక్కి గడ్డిలో చుట్టిన ఇంకోటి దింపేవాడు. అటక నిండా అవేగా. "ఎవరికండీ మాటిచ్చారు, గోడకా?" అని అక్క దులిపేసేది. నవ్వేవాడు. నవ్వు బాగుండేదిలే, వెధవ నవ్వు.

ఆఁ, ఎక్కడున్నాం... అక్కకి జ్వరం. డాక్టరు రాసిన ఇంజెక్షను ఊరంతా గాలిస్తే ఒక్క మందులషాపులో దొరికింది. నేనూ బావ పక్కనే ఉన్నా. షాపాయన, "ఒక్కటే ఉందండీ, అదీ ఇంకొకళ్లకి మాటిచ్చాను. అంత అవసరమైతే ఇప్పుడే తీసుకోండి, కాస్త ఎక్కువవుతుంది" అన్నాడు. బావ నాకేసి చూసి కన్నుకొట్టాడు. "నాకే చెప్తున్నాడ్రా. మలుపు దాకా నడు, వాడే పిలుస్తాడు." నడిచాం. మలుపులో ఆగి చెప్పు సరిచేసుకున్నాడు. సరిచేసుకుంటూనే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. వెనక్కెళ్దాం బావా అంటే, "పొద్దున వాడే దిగొస్తాడు" అన్నాడు. పొద్దున్నే పరిగెత్తాం. అప్పటికే ఆ మాటిచ్చినవాళ్లకి ఇచ్చేశాడు. నిజంగానే ఒక్కటే ఉందమ్మా.

అక్క ఆ వారం దాటలేదు.

తర్వాత బావ అటక మీదవన్నీ దింపి కొట్టు ముందు పేర్చాడు. ఎగబడి కొన్నవాళ్లే, "ఇన్నున్నాయంటే ఏదో లోపముండాలి" అనుకుంటూ పక్కనుంచి పోయేవాళ్లు. ఒక్కరూ ముట్టుకోలేదు. ఈయన వాటి దుమ్ము తుడుస్తూ, "దీనికెవరికీ మాటివ్వలేదండీ, తీసుకోండి" అని దారినపోయే ప్రతివాడికీ చెప్పేవాడు. తను పోయేదాకా అదే మాట. జాలి పడాలేమో. నాకు రాలేదు, ఇప్పటికీ రాదు. మా అక్క...

సర్లే, కొనుక్కో, రెండే ఉన్నాయంటున్నాడుగా. ముందా కిటికీ వెయ్యి, చలేస్తోంది.